మేలిరకపు సిగారు రుచియు, దాని ఆకుల కూర్పును: పొగాకు పండించు పట్టాదారులకు

మన పల్లెలలో చుట్ట యనియు, పాశ్చాత్య దేశములలో సిగారనియు వ్యవహరింపబడు వస్తువు మూలమున ఒక్కటియే. పొగాకును పొగాకుతోనే చుట్టి కాల్చుట రెండింటి లక్షణము. అయినను క్యూబా ద్వీపమున చేతితో చుట్టిన యొక మేలి సిగారు వెలకు మన సంతలో చుట్టల కట్టలు పెక్కులు లభించును. ఇంతటి భేదమునకు కారణము కార్ఖానాలో అత్తరో, మరి యే సుగంధద్రవ్యమో కలుపుటయే యని రైతులలో పలువురి తలంపు. ఈ తలంపు సరియైనది కాదు. సువాసనలు చేర్చిన సిగార్లు లేకపోలేదు గాని అవి వేరు తరగతికి చెందినవి. మేలిరకపు సిగారునందు తలభాగమును అంటించుటకై వాడు రవంత చెట్టుబంక తప్ప, ఆకు గాక అన్యవస్తువు ఉండదు. దానిని కాల్చువారు మిరియము, కాఫీ, కోకో, తోలు, తడిమన్ను, వేయించిన గింజలు అని వర్ణించు రుచులన్నియు ఆకులోనివే. అవి చేనిలో పుట్టి, కొట్టములో మారి, మండెలో పరిపక్వమగును. కార్ఖానాలోని నిపుణుడు చేయునది వాటిని పాళ్లు చూచి కూర్చుట మాత్రమే. ఆ కూర్పు ఎట్టిదో తెలిసికొనిన రైతునకు తన ఆకులో దేనికి ధర పలుకునో, దేనికి పలుకదో, ఏ అశ్రద్ధ వలన మంచి ఆకు సైతము చౌక మాలగునో బోధపడును.

సిగారులోని మూడు భాగములు

సిగారును నిలువున కోసి చూచినచో మూడు విధములగు ఆకు కనబడును. నడుమ పొడవుగా మడిచి కూర్చినది లోనాకు. దానిని విడిపోకుండ బిగించి పట్టునది కట్టాకు. అన్నిటిపైన నునుపుగా చుట్టబడినది పైయాకు. క్యూబావారు స్పానిషు భాషలో వీనిని వరుసగా త్రిపా, కపోతె, కపా అందురు. చౌకరకపు సిగార్లలో లోనాకు తునకలుగా నుండును. మేలిరకములో అది సిగారు పొడవున సాగిన నిండు ఆకు. తునకలు త్వరగాను వేడిగాను కాలును; నిండు ఆకు మెల్లగాను చల్లగాను కాలును. పొగ చల్లగా నున్నగాని సూక్ష్మమైన రుచులు నాలుకకు తెలియవు.

కట్టాకునకు అందముతో పని లేదు. బిగువుగా నుండి చక్కగా కాలిన చాలును. పైయాకు అట్లు కాదు. అది పలుచనై, సాగు గుణము కలిగి, సన్నని ఈనెలతో, మచ్చ గాని రంధ్రము గాని లేక యుండవలెను. ఆకు నడిమి ఈనెను తీసివేసిన పిమ్మట కుడి సగము, ఎడమ సగము అను రెండు పైయాకులు వచ్చును. ఈనెలు ఒకదానికొకటి ఎదురుదిక్కున నడచుటచే వీనిని ఎదురెదురు దిశలలో చుట్టవలెను. అందుచే కార్ఖానాలలో ఈ రెండు సగములను వేరువేరుగనే ఉంచుదురు.

సిగారు రుచిలో అధికభాగము పైయాకు వలననే కలుగునని వర్తకులు చెప్పుచుందురు. సిగారు లావును అంగుళములో 64వ వంతులుగా కొలుచుట వాడుక. 38 కొలత గల సన్నని సిగారులో లోనాకు తక్కువ, పైయాకు పాలు ఎక్కువ. 50 కొలత గల లావు సిగారులో దీనికి విపర్యయము. కావున ఆ మాట సన్నని వానిపట్ల నిజమునకు దగ్గర; లావు వానిపట్ల కొంత అమ్మకపుమాట.

మొక్కపై ఆకు నిలిచిన స్థానము

లోనాకు కూర్పే రైతు శ్రద్ధతో గమనింపవలసిన విషయము. ఒకే మొక్కపై అడుగున నున్న ఆకు, నడుమ నున్న ఆకు, తలవద్ద నున్న ఆకు గుణములో మూడు వేరు సరకులు. అడుగు ఆకు పైవాని నీడలో పెరుగును గనుక పలుచనై, జిగురు తక్కువై, రుచి మందముగా నుండును. కాని నిప్పు చక్కగా పట్టును. క్యూబావారు దీనిని వొలాదో అందురు. నడిమి ఆకు మధ్యమ బలము, అధికమైన సువాసన కలది. దీని పేరు సెకో. తల ఆకు నేరుగా ఎండను త్రాగును. మొక్క తల త్రుంచిన పిమ్మట వేరునుండి వచ్చు సారమంతయు దానికే చేరును. అది దళసరియై, చేతికి జిగురంటుచు, నికోటిన్ అధికముగా గలిగి, నెమ్మదిగా కాలును. దీని పేరు లిహేరో. దీనికిని పైన కొన్ని మొక్కలపై మాత్రమే రెండు చిన్న ఆకులు వచ్చును. మెదియో తియెంపో యనబడు ఆ ఆకులు మిక్కిలి ఘాటైనవి, అరుదైనవి.

సిగారు మృదువుగా నుండవలెనన్న కూర్పరి వొలాదోను సెకోను హెచ్చించి లిహేరోను తగ్గించును. బలముగా నుండవలెనన్న లిహేరో పాలు పెంచును. లిహేరో ఎంత ఉన్నను దానిని మడిచి సరిగా నట్టనడుమనే పెట్టుదురు. అది నెమ్మదిగా కాలును గనుక ఒక ప్రక్కకు జరిగినచో ఆ ప్రక్క వెనుకబడి సిగారు వంకరగా కాలును. నడుమ నున్నచో చుట్టునున్న వొలాదో నిప్పును నిలుపుచుండ, అది తన ఘాటును కొంచెము కొంచెముగా విడుచును. సన్నని సిగారులో చోటు తక్కువ గనుక సాధారణముగా లిహేరో మిక్కిలి స్వల్పముగా పడును.

పులుసు కాచు ఇల్లాలు చింతపండు, ఉప్పు, మిరపపొడి, బెల్లము వేరువేరు పాత్రలలో నుంచుకొని, కావలసినంత కావలసినపుడు వేయును. నాలుగును ముందే ఒక కుండలో కలిపి యామె చేతికిచ్చినచో ఎంతటి నేర్పరియైనను ఒక్క రుచియే చేయగలదు. అడుగు, నడుమ, తల ఆకులను ఒకే కట్టలో బిగించి అమ్ము రైతు కూర్పరికి ఇట్టి కుండనే ఇచ్చుచున్నాడు. అట్టి కట్టకు కొనువాడు అందులోని కనిష్ఠపు ఆకునుబట్టియే వెల కట్టును. తల ఆకునకు పడిన శ్రమ, ఎరువు, ఆగిన దినములు అన్నియు ఆ ధరలో మునిగిపోవును.

ఇందు మరియొక నష్టము కలదు. ఆకు స్థానమునుబట్టి మ్రగ్గు కాలము వేరు. క్యూబాలో లిహేరోను వాడుటకు ముందు కనీసము రెండేండ్లు నిలువయుంచుదురు. వొలాదోకు అంతకంటె చాల తక్కువ కాలము చాలును. రెండును ఒకే మండెలో నున్నచో దళసరి ఆకు పక్వమగు లోపల పలుచని ఆకు సారము పోయి పొడియగును. పలుచనిదానికి సరిపడునట్లు మండె విప్పినచో దళసరి ఆకు పచ్చికారముతో మిగులును.

నేల, నీరు, నిప్పు

క్యూబాలో పొగాకు పలుచోట్ల పండును. కాని మేలిరకములకు పేరుపొందినది పడమటి కొననున్న పినార్ దెల్ రియో పరగణాలోని వూయెల్తా అబాహో యను ప్రదేశము. అందును సాన్ లూయిస్, సాన్ హువాన్ యి మార్తీనెస్ అను రెండు ఊళ్ల చుట్టునున్న చేలకు విశేష ఖ్యాతి. అచ్చటి నేల ఎఱ్ఱని ఇసుకపాలు గల గరువు; నీరు నిలువదు. వర్షములు వెనుకకు తగ్గిన పిమ్మట నాటి, పొడికాలమున ఆకు కోయుదురు. విత్తనము ఎంత సన్నమనగా ఒక్క గ్రామునకు పదివేలకు పైగా గింజలు తూగును. నారుమడి పోయుట, నాటుట, తల త్రుంచుట, పిలకలు గిల్లుట మన రైతులకు తెలిసిన పనులే గనుక విస్తరింప నక్కరలేదు.

తెలియవలసినది నేలలోని ఉప్పును గూర్చి. నీటిలోను మట్టిలోను క్లోరైడు లవణము అధికముగా నున్నచో ఆకు దానిని పీల్చుకొనును. అట్టి ఆకు చూపునకు దళసరిగా, నిగనిగలాడుచు ఉండును గాని నిప్పు పట్టదు. అంటించిన వెంటనే ఆరి, నల్లని బొగ్గు మిగుల్చును. ఉప్పునీటి బావుల క్రింద పండిన ఆకు నములుటకు పనికివచ్చును, కాల్చుటకు ఒప్పదు. ఇదే హేతువుచే మ్యూరియేటు ఆఫ్ పొటాషు అను ఎరువు కాల్చెడి పొగాకునకు వేయరాదు, అది క్లోరైడు గనుక. పొటాషు కావలసినచో సల్ఫేటు రూపమున వేయవలెను. పొటాషు తగినంత గల ఆకు నిలుకడగా కాలి తెల్లని లేక బూడిదరంగు నుసినిచ్చును. నత్రజని ఎరువు మితిమీరినచో ఆకు పెద్దదగును, ముదురు రంగగును, తూకమును ఇచ్చును; కాని నికోటిన్ పెరిగి, ఆకు ఆలస్యముగా పండి, పొగ గొంతు పట్టును. తూకమును జూచి యూరియా వేయు రైతు సిగారు ఆకు విషయమున ఎదురు నష్టమును కొనితెచ్చుకొనుచున్నాడు.

నిప్పు పట్టునో లేదో తెలిసికొనుటకు ప్రయోగశాలకు పోనక్కరలేదు. ఆరిన ఆకు నొకటి తీసికొని, మంట లేని అగరువత్తి నిప్పును దాని అంచునకు తాకించి తీసివేయవలెను. ఎఱ్ఱని నిప్పు ఎన్ని క్షణములు తనంతట పాకునో లెక్కపెట్టవలెను. మంచి ఆకులో అది పాకుచునే యుండును. చెడు ఆకులో వెంటనే చచ్చును. ఒక్కొక్క చేను నుండి, ఒక్కొక్క వరుస ఆకు నుండి వేరువేరుగా నాలుగైదు ఆకులు పరీక్షించి ఆ లెక్కను వ్రాసి పెట్టుకొనినచో మరుసటి ఏట ఏ చేనిలో కాల్చుటాకు వేయవలెనో, ఏ చేనిలో వేయరాదో నిర్ణయించుట సులభము.

ఆరబెట్టుట, మండె వేయుట

సిగరెట్లకు వాడు వర్జీనియా ఆకును బేరన్లలో గొట్టముల వేడిమితో వారము లోపలనే పసుపుపచ్చగా ఆరబెట్టుదురు. ఈ త్వరచే ఆకులోని చక్కెర అట్లే నిలుచును. దాని పొగ కొంచెము పులుపు గుణము కలది. సిగారు ఆకు దీనికి పూర్తిగా భిన్నము. దానిని నీడ గల కొట్టములో గాలికి 40 నుండి 60 దినములవరకు ఆరనిత్తురు. ఈ కాలమంతయు ఆకు కొంత ప్రాణముతోనే యుండి, తనలోని పిండిని చక్కెరను తానే తినివేయును. కావున సిగారు పొగ క్షారగుణము కలదై, అందలి నికోటిన్ నోటిలోనే రక్తమున చేరును. సిగారు కాల్చువారు సాధారణముగా పొగ మ్రింగకపోవుటకు కారణమిదియే. వర్జీనియా ఆకు ఎంత శ్రేష్ఠమైనను దానితో మేలిరకపు సిగారు కాదని రైతులు గుర్తెరుంగవలెను.

క్యూబాలో ఆరబెట్టు కొట్టములను తూర్పు పడమరలుగా నిడుపుగా కట్టుదురు. అందుచే ఉదయ సాయంకాలముల ఎండ చివరి గోడలకే తగులును గాని పొడవైన ప్రక్కలకు తగులదు. ఆకులను జంటలుగా గుచ్చి కఱ్ఱలపై వ్రేలాడదీసి, ఆరినకొలది పైకెక్కింతురు. తలుపులు కిటికీలు తెరచుట, మూయుట దినదినము వాతావరణమునుబట్టి చేయు పని. గాలి అతిపొడిగా నున్నచో ఆకు పచ్చదనము పోకమునుపే చచ్చును. అట్టి పచ్చరంగు తర్వాత ఎన్ని మండెలు వేసినను పోదు. బుద్ధిపూర్వకముగా వేడిచేసి పచ్చగా ఆరబెట్టు కందేలా అను పైయాకు రకమొకటి కలదు గాని దాని రుచి గడ్డివాసనతో కూడినది, దానిని కోరువారు కొద్దిమంది. గాలి అతితేమగా నున్నచో ఆకు కుళ్లును. మనవారు చాలమంది ఆకును ఎండలోనే పరచి నాలుగు దినములలో పని ముగించుటకు ఆతురపడుదురు. సిగారు ఆకునకు ఇంతకంటె చెరుపు లేదు.

ఆరిన ఆకును పదునుకు తెచ్చి మండె వేయుదురు. మండెలో ఆకు తనంతట వేడెక్కును. ఆ వేడి సామాన్యముగా 40 నుండి 50 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య నుండునట్లు చూచుట పద్ధతి. పలుచని ఆకునకు తక్కువ, దళసరిదానికి ఎక్కువ. మండె నడుమ ఉష్ణమాపకము గ్రుచ్చియుంచి, వేడి హద్దు చేరగానే మండె విప్పి, లోపలి ఆకు వెలుపలికి, వెలుపలి ఆకు లోపలికి వచ్చునట్లు మరల వేయుదురు. ఈ పని పలుమారులు జరుగును. మండె విప్పినపుడు ముక్కుపుటములు అదరునట్లు వచ్చు ఘాటైన వాసన అమ్మోనియా. అది వెళ్లిపోయినకొలది నాలుక కోయు కారము తగ్గును, పచ్చి వాసన పోయి కోకో, తోలు, ఎండుఫలముల వంటి వాసనలు బయటపడును. క్రొత్త బియ్యపు అన్నమునకు పాతబియ్యపు అన్నమునకు గల భేదము వంటిదే యిదియు. వస్తువు అదియే, కాలము చేసిన పని వేరు.

మేడురో యను నల్లని పైయాకు ఈ మండె విద్యకు పరమావధి. దళసరి ఆకును హెచ్చు వేడిలో హెచ్చుకాలము నిలిపి నల్లబరచినచో తీపి పాలు గల రుచి వచ్చును. అమెరికాలో కనెక్టికట్ సీమ యందలి వెడల్పాకు రకము, మెక్సికోలో సాన్ ఆంద్రేస్ లోయ ఆకు దీనికి ప్రసిద్ధములు. పలుచని ఆకును ఇట్లు చేయబోయినచో చినిగిపోవును.

పైయాకు కథ

పైయాకునకు అన్నిటికంటె హెచ్చు ధర. 1863లో యాకోబస్ నీన్‌హాయిస్ అను డచ్చివాడు సుమత్రా ద్వీపమున దెలి ప్రాంతమునకు వచ్చి పొగాకు తోటలు ప్రారంభించెను. అచ్చటి ఆకు పట్టువలె పలుచనై సాగునది యగుటచే ఆమ్‌స్టర్‌డాము అంగడిలో పైయాకుగా విపరీతమైన గిరాకీ పొందెను. ఆ తోటలలో ఒక పంట తీసిన నేలను ఏడెనిమిదేండ్లు బీడు విడిచిన తర్వాతనే తిరిగి పొగాకు వేయుచుండిరి. ఆ లాభములు చీనా, జావా కూలీలను కఠినమైన ఒడంబడికలతో కట్టివేసి తీసినవని చెప్పక తప్పదు.

సుమత్రా ఆకు పోటీకి నిలువలేక కనెక్టికట్ రైతులు 1900లో క్రొత్త యత్నము చేసిరి. చేనికంతటికి గుంజలు పాతి, పైన పలుచని గుడ్డ కప్పి, ఆ డేరా నీడలో పొగాకు పెంచిరి. ఎండ తగ్గుటచే ఆకు పలుచబడెను, ఈనెలు సన్నగిలెను, లోపల తేమ నిలిచెను. నాటినుండి ఆ ఆకు లేత గోధుమరంగునకు, వెన్నవంటి మృదురుచికి పేరుగన్నది. క్యూబాలోను పైయాకు చేలను ఇట్లే గుడ్డ క్రింద పెంతురు. ఈక్వడారు దేశములో కొన్ని చోట్ల మేఘములే సహజముగా ఆ గుడ్డ పని చేయును. పైయాకును సాధారణముగా మొక్కతో కోయరు. అడుగునుండి పైకి రెండు మూడు ఆకులుగా రెలిచి, కొన్ని దినములాగి మరల రెలుతురు. లద్దెపురుగు చేసిన ఒక్క రంధ్రము, మోయునపుడు పడిన ఒక్క చినుగు చాలును, అది పైయాకు ధరనుండి లోనాకు ధరకు దిగుటకు.

డొమినికన్ రిపబ్లికులో లోనాకు తప్ప పైయాకు పండదని వర్తకులలో గట్టి నమ్మిక యుండెను. ఫుయెంతె కుటుంబమువారు అచ్చటనే క్యూబా విత్తు వేసి, పైయాకు పండించి, 1995లో ఆ దేశపు ఆకుతోనే చేసిన ఓపస్ ఎక్స్ అను సిగారును అమ్మకమునకు తెచ్చిరి. అది గొప్ప ఆదరణ పొందెను.

కూర్పు దేశములు దాటుట

ఒకప్పుడు మేలి సిగారు అనగా క్యూబా ఆకే. 1960లో క్యూబా ప్రభుత్వము సిగారు కార్ఖానాలను స్వాధీనపరచుకొనెను. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ క్యూబాతో వ్యాపారమును నిషేధించెను. అనేక క్యూబా కుటుంబములు నికరాగువా, హోండురాస్, డొమినికన్ రిపబ్లికులకు చేరి తమ విద్యను అచ్చట నాటుకొనిరి. దీని ఫలితముగా ఈక్వడారు పైయాకు, నికరాగువా కట్టాకు, రెండు మూడు దేశముల లోనాకు ఒకే సిగారులో కలియుట సామాన్యమయ్యెను. నికరాగువాలోనే ఎస్తెలీ నల్లరేగడి ఆకు బలమైనది, హలాపా ఎఱ్ఱనేల ఆకు మృదువు, తీపి. ఒమెతెపె యను అగ్నిపర్వత ద్వీపపు ఆకు మన్నువాసన కలది. ఇవి ఒకే విత్తు నుండి వచ్చినను నేలనుబట్టి రుచి మారుట గమనింపదగినది.

ఇందుకు స్పష్టమైన ఉదాహరణము పద్రోన్ సిగారు. క్యూబా విడిచివచ్చిన హోసె ఓర్లాందో పద్రోన్ 1964లో మయామీ నగరమున ఈ వ్యాపారము ప్రారంభించెను. దాని స్మారకముగా 1994లో వెలువడిన సిగారులో ఆకంతయు నికరాగువాదే. దానిని రెండు పైయాకులతో అమ్ముదురు, ఒకటి సహజవర్ణము, ఒకటి మేడురో. కొలత అదియే, పేరు అదియే. మొదటిదానిలో కాఫీ, గింజల రుచి ముందుండును, రెండవదానిలో కోకో, తీపి ముందుండును.

విత్తు మార్చుట విషయమున క్యూబాకు కలిగిన అనుభవము మనకును చింతనీయము. సాన్ లూయిస్ దగ్గర ఎల్ కొరోహో తోటలో పుట్టిన కొరోహో రకము చిరకాలము అచ్చటి పైయాకునకు ఆధారమై యుండెను. 1979, 1980 సంవత్సరములలో నీలిబూజు తెగులు క్యూబా పంటను దాదాపు తుడిచిపెట్టెను. తర్వాత తెగులు తట్టుకొను హబానా 2000 అను రకమును ప్రవేశపెట్టిరి. అది తెగులునకు నిలిచెను గాని దాని ఆకు సరిగా కాలదని ఫిర్యాదులు వచ్చెను. పిమ్మట క్రియోల్లో 98, కొరోహో 99 అను రకములు దాని స్థానమును పొందెను. క్రొత్త విత్తు వచ్చినపుడు చేనంతయు ఒక్కసారి మార్చక, ఒక మూల వేసి, పైన చెప్పిన నిప్పు పరీక్ష చేసి చూచుట మేలు.

మన దేశపు ఆకు

గోదావరి లంకలలో వరద వదలిన ఒండ్రుపై పండు లంకపొగాకు చుట్టలకు పేరుపొందినది. పూర్వము అది బర్మాకు విశేషముగా ఎగుమతియై రంగూను చుట్టలలో చేరుచుండెను. తిరుచినాపల్లి చుట్టలకు దిండుగల్లు ప్రాంతపు ఆకు ఆధారము. స్పెన్సరు కంపెనీవారి సిగారు కార్ఖానా దిండుగల్లుననే యుండెను. బెంగాలునకు ఉత్తరమున, 1949 వరకు స్వదేశ సంస్థానముగా నుండిన కూచ్ బెహారు సీమలో జాతి యను రకపు ఆకు పైయాకునకు పనికివచ్చునది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము, 1948లో దిండుగల్లు సమీపమున వేదసందూరులో దాని శాఖ యేర్పడినవి. 1976 జనవరి 1న గుంటూరు ప్రధానస్థానముగా నేర్పడిన పొగాకు బోర్డు వేలములు వర్జీనియా ఆకునకు వర్తించునవి. చుట్టాకు పండించు రైతునకు అట్టి వేలపుబల్ల లేదు. దళారి ఎదుట అతనికి గల ఆధారము తాను వేరుపరచిన మాలు ఒక్కటియే.

ఆరోగ్యమును గూర్చి, అమ్మకమును గూర్చి

పొగాకు పొగ నోటికి, గొంతునకు, ఊపిరితిత్తులకు పుట్టకురుపు కలిగించుననుట వైద్యశాస్త్రము నిర్ధారించిన విషయము. మేలిరకపు సిగారుకును ఇందు మినహాయింపు లేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో స్త్రీలు నిప్పుకొనను నోటిలో నుంచి కాల్చు అడ్డపొగ వలన అంగిటి పుట్టకురుపు అధికముగా కలుగుచున్నట్లు వైద్యులు కనుగొనిరి. పండించువాడు కాల్చి తీరవలెనను నియమమేమియు లేదు. చేనిలోని ప్రమాదము వేరొకటి. మంచు గాని వాన గాని తడిసిన పచ్చి ఆకును కోయునపుడు నికోటిన్ చర్మము గుండ దేహములో చేరి తలతిప్పు, వాంతులు, నీరసము కలిగించును. దీనిని ఎండదెబ్బ యని పొరబడుదురు. ఆకు తడి ఆరిన పిమ్మట కోయవలెను. చేతులు కాళ్లు కప్పుకొనవలెను, తడిసిన బట్ట వెంటనే మార్చవలెను. పిల్లలను, గర్భిణులను ఈ పనికి పంపరాదు.

ఆకు వేరుపరచుట కొట్టములో మొదలిడిన ఆలస్యమగును. రెలుచునపుడే అడుగు, నడుమ, తల ఆకులకు వేరు గంపలు పెట్టి, గుచ్చిన తోరణములకు మూడు రంగుల గుడ్డపీలికలు కట్టినచో చదువురాని కూలీయు తప్పు చేయడు. పీలిక మండెవరకు, కట్టవరకు ఉండవలెను. చేను పేరు, కోసిన తేదీ ఒక చీటీపై వ్రాసి లోపల పెట్టుట మంచిది. చినిగిన ఆకును పారవేయక వేరుగా కట్టవలెను. దానికిని చౌకచుట్టలలో స్థానము కలదు. కట్ట పైపొరలో మంచి ఆకు, లోపల నాసి ఆకు పెట్టు అలవాటును కొనువారు ఎరుగుదురు గనుక నమూనాను నడుమనుండియే లాగి చూతురు. తూకము పెరుగునని అమ్మకమునకు ముందు నీళ్లు చల్లిన కట్ట మూడు నాలుగు దినములలో లోపల బూజుపట్టును. కొనువాడు తడికి వట్టము తీయుటయే గాక, బూజు సోకిన ఆకు ఏ మండెకును పనికిరాదు గనుక మాలంతయు త్రిప్పి పంపును. పదును తగ్గి ఆకు పెళుసుగా నున్నచో నీళ్లు చల్లుటకు బదులు రాత్రి కొట్టపు తలుపులు తెరచియుంచి, మంచుగాలికి మెత్తబడిన పిమ్మట తెల్లవారుజామున కట్టలు కట్టవలెను.